ఊరి సమస్యను పట్టుకునే నాయకత్వం ఎక్కడ నేర్చుకోవాలి? ఐదు దారులు, వాటి లాభనష్టాలు

"ఊళ్లో ఏదో ఒకటి చేయాలని ఉందండీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు." ఈ మాట నాకు రకరకాల మనుషుల నోట వినిపిస్తుంటుంది. డిగ్రీ ముగించి పోటీ పరీక్షల మధ్య ఖాళీలో ఉన్న కుర్రాళ్లు అంటారు. పొదుపు సంఘంలో పదేళ్లుగా పుస్తకం రాస్తున్న అక్కలు అంటారు. కొత్తగా వార్డు సభ్యులై, తీర్మానాల పుస్తకంలో ఏముందో చదివి సంతకం పెట్టాలా, చదవకుండానే పెట్టాలా అని సందేహిస్తున్నవాళ్లు అంటారు. పదవీ విరమణ చేసి ఊరికి తిరిగొచ్చిన మాస్టార్లూ అంటారు.

వీళ్లందరి ముందూ ఇప్పుడు దారులకు కొదవ లేదు. ప్రభుత్వం ఇచ్చే శిక్షణలున్నాయి, స్వచ్ఛంద సంస్థల శిబిరాలున్నాయి, జీతం లాంటి భృతి ఇచ్చే ఫెలోషిప్‌లున్నాయి. అన్నిటికీ ఒకటే పేరు: నాయకత్వ శిక్షణ. ఒక్కో చోట నేర్పేది మాత్రం ఒక్కోటి. ఒకచోట మైకు పట్టుకుని మాట్లాడటం నేర్పుతారు, ఇంకోచోట లెక్కల పుస్తకం చదవడం నేర్పుతారు. మీ ఊరికి కావలసింది ఏదో తెలియకుండా చేరితే రోజులూ డబ్బులూ పోతాయి, అంతకంటే విలువైన ఉత్సాహం పోతుంది.

పదిహేనేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. మొదట్లో మా జట్టు ఒక పెద్ద పొరపాటు చేసింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలభై మంది యువతను పట్నం తీసుకొచ్చి, ఒక కల్యాణ మండపంలో మూడు రోజులు పాఠాలు చెప్పించాం. భోజనాలు బాగున్నాయి, ఉపన్యాసాలు బాగున్నాయి. చివరి రోజు సర్టిఫికెట్లు పంచాం. ఆరు నెలల తర్వాత ఊళ్లు తిరిగి చూస్తే, చెప్పుకోదగ్గ పని చేస్తున్నవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ మా దగ్గరికి రాకముందే తమ ఊళ్లో ఒక సమస్యను పట్టుకుని ఉన్నవాళ్లు. మిగతా ముప్పై ఎనిమిది మందిలో తెలివి తక్కువవాళ్లు ఎవరూ లేరు. మేం నేర్పిన తీరులోనే తప్పుంది. అప్పటి నుంచి ఏ శిక్షణనైనా తూచడానికి నాకు కొన్ని రాళ్లు దొరికాయి. ముందు అవి చెబుతాను.

## తూచాల్సినవి ఏమిటి?

పాఠం మీ ఊరి సమస్య మీద నడుస్తుందా? ఇది అన్నిటికంటే బరువైన రాయి. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చారు. అక్కడ మాట్లాడుకున్నది తమ ఇళ్లను తింటున్న సారా గురించి. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందుండి సారా కొట్టు మూయించారు. ఆ కథే తర్వాత అక్షరాస్యత వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లెవరికీ నాయకత్వం అనే పేరుతో శిక్షణ ఇవ్వలేదు. సొంత ఇంటి బాధే పాఠమైంది, పక్కన కూర్చుని చదువు చెప్పేవాళ్లు ఉన్నారు. మీరు చేరబోయే చోట ఈ రెండూ ఉన్నాయా అని చూడండి.

కాగితం చదవడం నేర్పుతారా? నాకు బాగా తెలిసిన ఒక ఊళ్లో అంగన్‌వాడీ ముందు మురుగు నిలిచేది. పిల్లల్ని ఎత్తుకుని ఇటుకల మీద కాలు వేస్తూ దాటించేవాళ్లు తల్లులు. యువకులు మూడుసార్లు పంచాయతీ ముందు బైఠాయించారు, పేపర్లో ఫొటో కూడా వచ్చింది, కాలువ రాలేదు. చివరికి ఒక అమ్మాయి పంచాయతీ కార్యదర్శిని అడిగి తీర్మానాల పుస్తకం తిరగేసింది. ఆ కాలువకు ఏడాది కిందటే తీర్మానం అయింది, ఎస్టిమేట్ వేశారు. అది మండల ఇంజనీరు దగ్గర ఒక కొలత తేడాతో ఆగిపోయింది. అంటే ఇన్నాళ్లూ ఆ కుర్రాళ్లు కోప్పడింది సర్పంచి మీద, పని ఆగింది మరో టేబుల్ మీద. తీర్మానం, ఎస్టిమేట్, మంజూరు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు అనే మెట్లలో మన పని ఏ మెట్టు మీద ఉందో కనిపెట్టడం రాకపోతే ఎంత ధైర్యం ఉన్నా గాలిలో కత్తి తిప్పినట్టే.

ఒక్కరే వెళ్తారా, జట్టుగా వెళ్తారా? ఊరి నుంచి ఒక్కరు శిక్షణకు వెళ్లి వస్తే, తిరిగొచ్చాక ఆ మనిషి మాట ఎవరికీ అర్థం కాదు. ముగ్గురు వెళ్తే ఊరికి ఒక జట్టు తిరిగొస్తుంది.

మీకు పడే ఖర్చెంత? ఫీజు లేదంటే ఉచితమని కాదు. కూలికి వెళ్లే మనిషికి మూడు రోజుల శిక్షణ అంటే మూడు రోజుల కూలి. పసిపిల్ల ఉన్న తల్లికి రాత్రి బస అంటే ఇంట్లో ఇంకొకరిని బతిమాలుకోవడం. కూలి కట్టివ్వని శిక్షణకు ఇల్లు గడిచేవాళ్లే వస్తారు, నాయకులూ ఆ ఇళ్ల నుంచే తయారవుతారు.

తర్వాత వెంట ఎవరుంటారు? మొదటి ఎదురుదెబ్బ ఎప్పుడూ ఊళ్లోనే తగులుతుంది, శిక్షణ హాల్లో కాదు. ఆ రోజు రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండాలి. దీనికి తోడు, పని వల్ల ఎవరికి కోపం వస్తుంది, ఆ కోపాన్ని తట్టుకునే అండ ఎంత ఉంది అనేది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

## ఒక్క చూపులో

| దారి | ఎవరికి | పట్టే కాలం | బాగా నేర్పేది | బలహీనత |
|---|---|---|---|---|
| ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) | కాలేజీ విద్యార్థులు | రెండేళ్లు, 240 గంటలు | ఊరిని చూడటం, కలిసి పనిచేయడం | శిబిరం అయ్యాక ఊరితో బంధం తెగుతుంది |
| మహిళా సంఘాలు | సంఘ సభ్యులు | ఏళ్ల తరబడి, అడుగడుగునా | సమావేశం నడపడం, లెక్క, నమ్మకం | అప్పు, వసూళ్ల పనిలో మునిగిపోవచ్చు |
| పంచాయతీ సభ్యత్వం, ప్రభుత్వ శిక్షణ | ఎన్నికైనవారు, కాబోతున్నవారు | కొద్ది రోజుల శిక్షణ, అయిదేళ్ల పదవి | నిధులు, నిబంధనలు, అధికారం | శిక్షణ తక్కువ, ఒత్తిడి ఎక్కువ |
| సామాజిక తనిఖీ, సమాచార హక్కు | చదవగలిగే ఎవరైనా | కొద్ది రోజుల్లో మొదలు | కాగితం చదవడం, ప్రశ్నించడం | ఒంటరైతే ప్రమాదం |
| ఫెలోషిప్ | డిగ్రీ చేసిన యువత | సుమారు ఏడాది నుంచి రెండేళ్లు | వెడల్పు చూపు, క్రమశిక్షణ | పనిచేసేది ఎక్కువగా మన ఊళ్లో కాదు |

## ఎన్ఎస్ఎస్: మొదటి అడుగుకు చాలు

జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబర్ 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. ఖర్చు దాదాపు లేదు, ఇంట్లో ఒప్పుకుంటారు, ఆడపిల్లలకు కూడా ఇబ్బంది లేని దారి.

ఆ ఏడు రోజులూ రోడ్లు ఊడ్చి, మొక్కలు నాటి, చివరి రోజు సాంస్కృతిక కార్యక్రమంతో ముగించే శిబిరాలే ఎక్కువ. మీ ప్రోగ్రాం ఆఫీసర్ సహృదయులైతే ఒకటి అడగండి. ఊడ్చడానికి బదులు మొదటి మూడు రోజులు ఇంటింటికీ తిరిగి, నీళ్లు ఎన్ని గంటలకు వస్తున్నాయి, ఏ వీధిలో రావడం లేదు అని రాసుకుంటామనండి. ఆ జాబితా గ్రామసభలో చదివి వినిపించండి. ఒక ఊరి నీటి బాధను అంకెల్లో పట్టుకోవడం ఎలాగో ఆ ఒక్క పనితో వస్తుంది. ఇంకో సలహా: దత్తత గ్రామం ఎంపికలో మీ మాట చెల్లేట్టుంటే, జట్టులో కనీసం ఇద్దరి సొంత ఊరు అయ్యేట్టు చూడండి. శిబిరం ముగిశాక కూడా ఆ ఇద్దరూ అక్కడే ఉంటారు.

## మహిళా సంఘాలు: మన నేలలో పండిన బడి

మన రెండు రాష్ట్రాల్లో నాయకత్వం నేర్పిన అతి పెద్ద బడి ఇదే అని నా నమ్మకం. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మనం సెర్ప్ అని పిలుచుకునేది, ఏర్పడింది. వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం పేర్లతో పదిమంది చొప్పున కూడిన సంఘాలు గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యలుగా, జిల్లా సమాఖ్యలుగా ఎదిగాయి. పంచసూత్రాలంటే సంఘం అక్కలందరికీ కంఠతా వచ్చు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ.

ఈ అయిదింటినీ బ్యాంకు లావాదేవీల నియమాలుగా చూడొద్దు. సమావేశానికి రాని మనిషిని నొప్పించకుండా పిలవడం, అప్పు ముందు ఎవరికి అవసరమో పదిమందిలో తేల్చడం, కట్టలేకపోయిన ఇంటికి వెళ్లి కారణం కనుక్కోవడం, ఇవన్నీ నాయకత్వ పాఠాలే. చదువు అంతంతమాత్రమైన మహిళలు సామాజిక వనరుల వ్యక్తులై, అంటే సీఆర్‌పీలై, మన ఊళ్ల నుంచి బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, భాష రాని చోట వారాల తరబడి ఉండి, అక్కడి ఆడవాళ్లతో సంఘాలు పెట్టించారు. తెలుగు తప్ప మరో భాష రాని మనిషి పరాయి రాష్ట్రంలో పాఠం చెప్పగలిగిందంటే, ఆమె చెప్పింది పుస్తకంలో చదివింది కాదు కాబట్టే.

లోటు కూడా చెప్పాలి. సంఘం బరువంతా రుణం, వసూలు, ఆన్‌లైన్ నమోదుల మీదికి జారిపోయిన చోట ఊరి సమస్య మాట్లాడే సమయం మిగలదు. పార్టీల సభలకు జనాన్ని తరలించే బాధ్యత లీడర్ల నెత్తిన పడే చోట్లు నేను చూశాను. మీరు సంఘంలో ఉన్నట్లయితే కొత్త శిక్షణ వెతుక్కోకముందు ఒక పని చేయండి. గ్రామ సంఘం నెలవారీ సమావేశం అజెండాలో అప్పులు, పొదుపుల తర్వాత ఒక అంశం చేర్చండి: ఊరి సమస్య, ఒకే ఒక్కటి. కనీసం ఆరు నెలలు అదే అంశం కొనసాగించండి. బడిలో మధ్యాహ్న భోజనం కావచ్చు, వీధి దీపాలు కావచ్చు. వంద మంది మహిళల సంఘం తరఫున రాసిన అర్జీకి ఉండే బరువు ఏ ఫెలోషిప్ కుర్రాడికీ రాదు.

## పంచాయతీ: అధికారం ఉంది, శిక్షణే చాలదు

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 21 ఏళ్లు నిండితే పోటీ చేయొచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ సగం స్థానాలు మహిళలకు. సమస్యను పరిష్కరించే అధికారం చట్టప్రకారం ఉన్నది ఇక్కడే కాబట్టి, ఏ దారిలో నేర్చుకున్నా చివరికి పంచాయతీ గుమ్మం ఎక్కక తప్పదు.

ఎన్నికైనవారికి రాష్ట్ర గ్రామీణాభివృద్ధి సంస్థల ద్వారా బ్యాచ్‌ల వారీగా శిక్షణ ఇస్తారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ మన ముంగిట్లోనే ఉంది. ఆ తరగతుల్లో చట్టం చెబుతారు, విధులు చెబుతారు. కొద్ది రోజుల్లో అంతకంటే సాధ్యం కాదు. ఆ కొద్ది రోజుల్లో మీరు పట్టుబట్టి నేర్చుకోవాల్సింది నిధుల సంగతి. ఒక ఉదాహరణ చెబుతాను. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. ఇది తెలియని వార్డు సభ్యుడు "పైసలున్నాయి, మా వీధికి సీసీ రోడ్డు ఎందుకు వేయరు?" అని సభలో గట్టిగా అడుగుతాడు, కార్యదర్శి ఒక్క ముక్కలో కూర్చోబెడతాడు. తెలిసిన సభ్యురాలు అదే డబ్బును మురుగు కాలువకు అడుగుతుంది, తీసుకుంటుంది.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా పెట్టించింది. ఉపసర్పంచ్ పదవి అలంకారం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పంచాయతీ ఖర్చుల వివరాలు 2020లో వచ్చిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. ఫోన్‌లో మీ ఊరి పేరు వెతికి చూడండి. పదవి లేనివాళ్లు కూడా గంటలో నేర్చుకోగల పాఠం ఇది.

ఈ దారిలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. మహిళ గెలిచిన చోట శిక్షణకు భర్తో కొడుకో వచ్చి కూర్చోవడం. నిర్వాహకులు చూసీచూడనట్టు సంతకం చేయించుకుంటారు. మీరు శిక్షణ నడిపేవారైతే దయచేసి గుమ్మం దగ్గరే ఆపండి. మీరు గెలిచిన మహిళ అయితే ఒంటరిగా వెళ్లొద్దు, మీ సంఘం నుంచి ఇంకో అక్కను తోడు తీసుకెళ్లండి. భయం సగం తగ్గుతుంది, గుర్తుంచుకునే బుర్రలు రెండవుతాయి.

## సామాజిక తనిఖీ, సమాచార హక్కు: కాగితం మాట్లాడించే విద్య

1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం ఊరి మధ్యన బిల్లులు చదివి వినిపిస్తూ జన సునవాయీలు, అంటే ప్రజా విచారణలు మొదలుపెట్టింది. ఆ ఒరవడి 2006 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీగా వేళ్లూనుకుంది. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థే ఏర్పడింది. 2005 ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ చేత తనిఖీ చేయించాలని చెప్పింది, మన దగ్గర దాన్ని కూలి కుటుంబాల పిల్లల చేతికిచ్చారు. ఊళ్లోని చదువుకున్న యువతకు కొద్ది రోజులు మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు చదవడం నేర్పి, పని కొలతలు తీయించి, ఇంటింటికీ పంపారు. "ఈ పేరు మీదేనా? ఈ వారం పనికి వెళ్లారా? ఎంత ముట్టింది?" అన్నవి మూడే ప్రశ్నలు. తర్వాత గ్రామసభ, ఆ పైన మండల కేంద్రంలో ప్రజావేదిక.

ఇంత తక్కువ రోజుల్లో ఇంత లోతుగా నేర్పే బడి మరొకటి నేను చూడలేదు. చనిపోయిన తాత పేరు మస్టర్లో కూలి తీసుకుంటూ కనిపించిన రోజు, ఆ పిల్లకు ప్రభుత్వం అంటే ఏమిటో అర్థమవుతుంది.

తనిఖీ బృందంలో చోటు దొరకకపోతే సమాచార హక్కు చట్టం చేతిలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పుచేసేది ప్రశ్న రాయడంలో.

"మా వీధిలో కాలువ ఎందుకు కట్టలేదు?" అని రాస్తే, కారణాలు చెప్పడం చట్టం పరిధిలోకి రాదని ఒక్క వాక్యం జవాబు వస్తుంది. ఆ దరఖాస్తునే ఇలా మార్చండి:

1. ఫలానా వార్డు కాలువ పనికి సంబంధించిన గ్రామ పంచాయతీ తీర్మానం ప్రతి.
2. ఎస్టిమేట్, మంజూరు ఉత్తర్వుల ప్రతులు.
3. ఎం-బుక్‌లో ఈ పని నమోదైన పేజీల ప్రతులు.
4. ఇప్పటివరకు చెల్లించిన బిల్లుల ప్రతులు.

ఈ నాలుగు కాగితాలు చేతికొస్తే కారణం మీకే తెలుస్తుంది. జరిగిన పనిని స్వయంగా వెళ్లి పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా అడిగే హక్కు కూడా ఈ చట్టంలో ఉన్నాయని చాలామందికి తెలియదు.

ప్రమాదం గురించి దాచకుండా చెబుతాను. బిల్లుల కాగితం అడిగితే ఎవరో ఒకరికి నిద్ర పట్టదు. మొదట పెద్దమనిషి ద్వారా నచ్చజెప్పిస్తారు, తర్వాత మీ నాన్నను పిలిపిస్తారు. అందుకే దరఖాస్తు ఒక్కరి పేరు మీద వేసినా, విషయం గ్రామసభలో పదిమందికీ ముందే తెలిసి ఉండాలి. ఒంటరి ఆడపిల్ల, ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబం, పెద్ద కాంట్రాక్టరు దగ్గర కూలికి వెళ్లే ఇల్లు, వీళ్లు ముందుండి సంతకం పెట్టాల్సిన అవసరం లేదు. మాస్టారు పెట్టొచ్చు, ఆయన పింఛను ఎవరూ ఆపలేరు.

## ఫెలోషిప్‌లు: దూరం వెళ్లి నేర్చుకోవడం

ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 2011లో మొదలైంది, 13 నెలలు ఏదో ఒక పల్లెలో స్వచ్ఛంద సంస్థతో పనిచేయాలి. గాంధీ ఫెలోషిప్ 2008 నుంచి ఉంది, రెండేళ్లు. టీచ్ ఫర్ ఇండియా 2009 నుంచి, అదీ రెండేళ్లే, హైదరాబాద్ సహా నగరాల్లోని బడుల్లో పాఠాలు చెప్పాలి. చట్టాలు, పార్లమెంటు మీద ఆసక్తి ఉంటే ఒక ఎంపీ దగ్గర సుమారు ఏడాది పనిచేయించే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది, కానీ అది ఊరి పని కాదు, చట్టసభ పని.

వీటిలో భృతి ఇస్తారు, తోటి ఫెలోలు జీవితాంతం స్నేహితులవుతారు, పనిని వారం వారం రాసి చూసుకునే అలవాటు వస్తుంది. ఇల్లు గడవడానికి ఏదో ఒక ఆదాయం తప్పనిసరైన యువతకు ఇది పెద్ద ఊరట. అయితే ఎంపికలో ఇంగ్లిష్ రాత, ఇంటర్వ్యూ దాటాలి. తెలుగు మీడియంలో చదివిన చురుకైన పిల్లలు అక్కడే జారిపోవడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. రెండోది, మీరు ఏడాదంతా చెమటోడ్చే ఊరు మీది కాదు. గడువు తీరగానే వచ్చేస్తారు. ఆ ఊరికి మీరు అతిథి.

అందుకని ఫెలోషిప్ వద్దనడం లేదు. చేరేముందు ఒక లెక్క తేల్చుకోండి. తిరిగి సొంత జిల్లాకు వచ్చే ఉద్దేశం నిజంగా ఉందా? ఉంటే వెళ్లండి, పరాయి ఊళ్లో నేర్చుకున్న చూపు మన ఊళ్లో కనపడనివి చూపిస్తుంది. లేకపోతే అది మంచి ఉద్యోగ అనుభవం, అంతవరకే. అందులోనూ తప్పేమీ లేదు.

## స్థానిక సంస్థల చెంత నేర్చుకోవడం

పట్టికలో దీన్ని విడిగా పెట్టలేదు, ఎందుకంటే సంస్థ సంస్థకూ తేడా చాలా ఉంది. రెండు ఉదాహరణలు మాత్రం చెప్పాలి. శాంతా సిన్హా నడిపించిన ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికులను బడికి చేర్చే పని చేపట్టింది. ఊళ్లోని యువతనే కార్యకర్తలుగా తీర్చింది. వాళ్లు పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసామితో తగువు పెట్టుకోకుండా, పదిసార్లు ఇంటికి వెళ్లి మాట్లాడి, చివరికి ఆయన్నే తమ వైపు తిప్పుకునేవాళ్లు. శత్రువును తయారుచేసుకోకుండా పని సాధించే ఈ ఓపిక ఏ తరగతి గదిలోనూ రాదు.

వరంగల్ వైపు బాల వికాస సంస్థ ఊరి వాళ్లే వాటా వేసుకుని, కమిటీ కట్టుకుని నడిపే తాగునీటి ప్లాంట్ల ద్వారా నాయకత్వం నేర్పింది. గీసుకొండ మండలం గంగదేవిపల్లిలో పనికో కమిటీ ఉండటం, ఇంటి పన్ను పూర్తిగా వసూలవడం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మీ పంచాయతీ సభ్యులతో కలిసి అలాంటి ఊరికి ఒక రోజు వెళ్లి రండి. బస్సు ఖర్చు పోను, మూడు రోజుల ఉపన్యాసాల కంటే ఎక్కువే మిగులుతుంది. వెళ్లినప్పుడు ప్లాంటు ముందు ఫొటో దిగి వచ్చేయకుండా కమిటీ రిజిస్టరు చూపించమనండి. గొడవ వచ్చిన నెలలో ఏం రాసుకున్నారో చదవండి.

## మరి మీరు ఏది ఎంచుకోవాలి?

*కాలేజీలో ఉన్నారా?* ఎన్ఎస్ఎస్‌లో చేరండి, చివరి ఏడాదిలో ఒక సమాచార హక్కు దరఖాస్తు వేసి జవాబు వచ్చేదాకా వెంటపడండి. ఆ తర్వాతే ఫెలోషిప్ గురించి ఆలోచించండి. దరఖాస్తు అనుభవం ఇంటర్వ్యూలో కూడా పనికొస్తుంది.

*సంఘం మహిళా?* మీకు ఇప్పటికే సగం శిక్షణ అయింది. మీకు కొరవడింది పంచాయతీ నిధుల జ్ఞానం. సంఘం నుంచి ఇద్దరు సామాజిక తనిఖీ వైపు, ఇద్దరు వార్డు సభ్యత్వం వైపు వెళ్లేట్టు ఇప్పటి నుంచే అనుకోండి.

*కొత్తగా గెలిచిన సభ్యులా?* ప్రభుత్వ శిక్షణకు తప్పక వెళ్లండి, దానితో ఆగొద్దు. పాతికేళ్లు పనిచేసి రిటైరైన పంచాయతీ కార్యదర్శి మీ మండలంలో ఎవరో ఒకరు ఉంటారు. నెలకోసారి ఆయన్ని ఇంటికి పిలిచి, తీర్మానాల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోండి. నాకు తెలిసిన మంచి సర్పంచుల్లో చాలామంది వెనక ఇలాంటి పెద్దమనిషి ఒకరున్నారు.

*కూలికి వెళ్తూ చేయాలనుకుంటున్నారా?* రాత్రి బస ఉన్న శిక్షణల జోలికి పోకండి. సంఘం, గ్రామసభ, ఊళ్లోనే జరిగే తనిఖీ, ఈ మూడూ మీవే. రోజు కూలి ఇవ్వమని అడగడానికి మొహమాటపడొద్దు, అడగడం మీ హక్కు.

*పట్నంలో ఉంటున్నారా?* మీకు పంచాయతీ లేదు. కాలనీ సంక్షేమ సంఘం, బస్తీలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలు ఉన్నాయి. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. కాలనీ సంఘాల్లో సొంత ఇళ్లవారి మాటే నడుస్తుంది కాబట్టి, అద్దెకుండేవాళ్లను, పక్క బస్తీని కలుపుకుంటేనే మీరు నేర్చుకునేదానికి అర్థం.

*విదేశాల్లో ఉండి ఊరికి సాయం చేయాలనుకుంటున్నారా?* సభా మండపం కట్టించే డబ్బులో చిన్న భాగంతో ఊళ్లోనే ఉండే ఒక కార్యకర్తకు ఏడాదిపాటు జీతం ఇవ్వొచ్చు. ఆ కార్యకర్త పని కొత్తవాళ్ల వెంట ఉండటమే: తహసీల్దారు ఆఫీసుకు తోడు వెళ్లడం, అర్జీ దిద్దడం, గ్రామసభ ముందు రోజు జట్టును కూర్చోబెట్టడం. సెలవుల్లో వచ్చి మూడు రోజుల శిబిరం పెట్టించి వెళ్లడం కంటే ఇది పదిరెట్లు మేలు. ఒక్కటే షరతు: ఆ కార్యకర్త మీ చుట్టం కాకూడదు.

చివరగా, మిమ్మల్ని పిలిచే ఏ శిక్షణ నిర్వాహకుడినైనా ఈ ప్రశ్న అడగండి: "శిక్షణ అయిపోయిన ఆరో నెలలో మా ఊరికి ఎవరు వస్తారండీ?" ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు చెబితే చేరండి. వాట్సాప్ గ్రూపు ఉందని చెబితే, ఆ మూడు రోజులు మీ పంచాయతీ ఆఫీసులో కూర్చుని గత ఏడాది తీర్మానాల పుస్తకం మొదటి పేజీ నుంచి చదవండి.